కాచిగూడ–తార్నాక గోడలు: నిర్ణయంలో చిత్రకారుల వాటా

బహిరంగ కళ అంటే ప్రవేశ రుసుమూ ఆహ్వాన పత్రమూ అక్కర్లేకుండా, దారిన పోయే ఎవరి కంటికైనా అందేలా వీధిలోనో, రైల్వేస్టేషన్‌లోనో, విద్యాలయ ప్రాంగణంలోనో నెలకొన్న చిత్రం, శిల్పం లేదా ప్రదర్శన. గత కొన్నేళ్లలో హైదరాబాద్‌లో సుందరీకరణ పేరుతో ఫ్లైఓవర్ స్తంభాలకూ ప్రహరీ గోడలకూ బొమ్మలు వేయించడం మామూలైంది. నగరం తన గోడలను పట్టించుకోవడం సంతోషించదగినదే. అయితే ఏ గోడ మీద ఏ బొమ్మ ఉండాలో తేల్చే చోట స్థానిక చిత్రకారులు అరుదుగా కనిపిస్తారు; అంశం, నమూనా, గడువు ఖాయమయ్యాక, చదరపు అడుగుకు ఇంత అని లెక్కగట్టి, కుంచె పట్టడానికి మాత్రమే వారికి పిలుపు అందుతుంది. కాచిగూడ నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం మీదుగా తార్నాక దాకా ఉన్న ప్రాంతంలో బహిరంగ కళ వేళ్లూనుకోవాలంటే ముందుగా మారవలసింది ఈ క్రమమే.

ఈ ప్రాంతాన్ని కలిపి కుట్టిన దారం రైలుమార్గం. నిజాం కాలంలో 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ నుంచి సికింద్రాబాద్ వైపు బయలుదేరిన ఎంఎంటీఎస్ రైలు విద్యానగర్ దాటాక జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ అనే రెండు స్టేషన్లలో ఆగుతుంది. విశ్వవిద్యాలయానికి అటువైపు తార్నాకలో మెట్రో స్టేషన్ ఉంది. విద్యార్థులు, రోజుకూలీలు, పరీక్షలకు చదివే నిరుద్యోగులు, గుమాస్తాలు నిత్యం నడిచే ఈ దారిలో గోడలకు కొదవ లేదు. స్టేషన్ గోడ దక్షిణ మధ్య రైల్వేది, ప్రాంగణపు గోడ విశ్వవిద్యాలయానిది, వీధి పక్కది నగరపాలక సంస్థది, స్తంభం మెట్రోది కావడంతో ఒక్క చిత్రమాలిక ఈ దారి పొడవునా సాగాలన్నా నాలుగు కార్యాలయాల అనుమతి కావాలి. బహిరంగ స్థలాల వికృతీకరణను నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన చట్టం అనుమతి లేని గోడరాతలను నేరంగా చూస్తుంది. అభ్యంతరకరమైన పోస్టర్లను అరికట్టడానికి ఆ చట్టం అవసరమే కావచ్చు గానీ, ఏ సంస్థ అండా లేని యువ చిత్రకారులకు అనుమతి అడగడానికి ఒక్క గుమ్మమైనా చూపకుండా నిషేధాన్ని మాత్రమే చూపడం న్యాయం కాదు.

ప్రదర్శనను జనం మధ్యకు తేవడం ఈ విశ్వవిద్యాలయానికి కొత్త పాఠం కాదు. ఏటా జనవరిలో నాంపల్లిలో మొదలయ్యే నుమాయిష్ ఉస్మానియా పట్టభద్రుల చొరవతోనే పుట్టింది. హైదరాబాద్ సంస్థానపు ఆర్థిక పరిస్థితులపై సర్వేకు నిధులు కూడగట్టే ఆలోచనతో వారు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో 'నుమాయిష్ మస్నుఆతె ముల్కీ', అంటే స్వదేశీ వస్తువుల ప్రదర్శన, ఏర్పాటు చేశారు. అది 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఎవరో నిర్ణయించినదాన్ని అమలు చేయడానికి ఆ పట్టభద్రులను పిలవలేదు. ఏం చూపాలో, ఎక్కడ చూపాలో, వచ్చిన డబ్బుతో ఏం చేయాలో వారే తేల్చుకున్నారు. కాచిగూడకు దగ్గరలోనే సుల్తాన్ బజార్‌లో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం కూడా పౌరులు పూనుకొని నిలబెట్టుకున్న సంస్థే. ఈ ప్రాంతపు ప్రజలకు సొంతంగా సంస్థలు కట్టుకునే శక్తి ఉందనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

పనితో పాటు నిర్ణయంలోనూ కళాకారులకు వాటా ఉండడం తెలంగాణకు ఏ విదేశమో నేర్పిన సంగతి కాదని చేర్యాల నకాషీ చిత్రాలు చెబుతాయి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు పట్టించి, ఎర్రని నేపథ్యం మీద వరుస గళ్లలో కథను నిలువునా దించే ఈ పటాలు గోడ అలంకరణకు పుట్టినవి కావు. కులపురాణాలు చెప్పే కథకులు ఊరి నడుమ పటం విప్పి, ఒక్కొక్క గడిని చూపుతూ పాడడానికి పుట్టినవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారికి కావలసిన పటంలో ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో కథకుడికి తెలుసు, ఆ ఘట్టం ఏ గీతతో నిలుస్తుందో నకాషీ చిత్రకారుడికి తెలుసు, తమ పురాణంలో ఏది తప్పితే ఒప్పుకోరో వినే కులానికి తెలుసు. ఈ ముగ్గురి ఎరుకా కలిస్తేనే పటం తయారయ్యేది. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళను నేడు ప్రభుత్వ భవనాల గోడల మీదికి ఎక్కిస్తున్నారు. అది మంచిదే అయినా, కథకుడినీ శ్రోతలనూ వదిలేసి కేవలం ఎర్రటి నేపథ్యాన్నీ గుండ్రటి కళ్లనూ నకలు తీస్తే గోడకు చేరేది శైలి మాత్రమే, సంప్రదాయం కాదు.

సమాజపు అనుభవంలోంచి పుట్టిన శిల్పం ఎంత గట్టిగా నిలుస్తుందో శాసనసభకు ఎదురుగా గన్‌పార్కులో ఉన్న అమరవీరుల స్తూపాన్ని చూస్తే అర్థమవుతుంది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారి స్మృతికి దీనిని రూపొందించినది హైదరాబాదీ శిల్పి ఎక్కా యాదగిరిరావు. ఉస్మానియా విద్యార్థులు ముందుండి నడిపిన ఉద్యమం అది. శిల్పికి ఆ దుఃఖం వార్తల్లో చదివి తెలుసుకోవలసినది కాదు, తన నగరంలో తన కాలంలో జరిగినది. ఒక్క మనిషి రూపమూ లేకుండా, రాతితోనూ గీతలతోనూ మాత్రమే మాట్లాడే ఆ స్తూపం, ఆధునిక శిల్పం సామాన్యులకు అర్థం కాదనే వాదనకు ఎప్పుడో జవాబు చెప్పింది. తర్వాతి దశాబ్దాల్లో తెలంగాణ కోసం జరిగిన ఎన్నో పోరాటాలు అక్కడ పూలు ఉంచాకే ముందుకు కదిలాయి. దీనికి పక్కన ట్యాంక్‌బండ్ విగ్రహాల చరిత్రను ఉంచి చూడాలి. 1986లో ప్రభుత్వం తెలుగు ప్రముఖుల విగ్రహాలను అక్కడ వరుసగా నిలిపింది. 2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ సందర్భంగా వాటిలో కొన్ని నేలకూలాయి. విగ్రహాలను కూల్చడాన్ని సమర్థించలేం, అందులో కవులూ సంస్కర్తలూ ఉన్నారు గనుక ఆ నష్టం అందరిదీ. కానీ ఎవరిని నిలపాలనే ఎంపికలో తమకు పాలు లేదని ఒక ప్రాంతం భావించినప్పుడు, ఆ కళ ఎంత నైపుణ్యంతో కూడినదైనా వివాదానికి మొదటి గురి అవుతుందని ఆ రోజు చూపింది.

2016 నవంబరులో వీధికళా సంస్థ స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఖైరతాబాద్ పక్కన ఉన్న మక్తా బస్తీలో ఇళ్ల గోడలను కుడ్యచిత్రాలతో నింపినప్పుడు కొంత మేలైన దారి కనిపించింది. బయటి నుంచి వచ్చిన చిత్రకారులతో పాటు హైదరాబాద్‌కు చెందిన స్వాతి, విజయ్ దంపతులు కూడా అందులో పనిచేశారు. గోడ ఇంటివారిది కాబట్టి వారిని అడగక తప్పలేదు. బహిరంగ కళలో ఆ అడగడమే సగం పని. అయితే ఉత్సవం ముగిశాక రంగు వెలిసిన చోట ఎవరు తిరిగి పూయాలి, కొత్త గోడలను ఎవరు ఎంచుకోవాలి అనే బాధ్యత బస్తీకీ స్థానిక చిత్రకారులకూ దక్కకపోతే, అటువంటి ప్రయత్నం ఒక్క పండుగగా ముగిసిపోతుంది.

విద్యాలయ ప్రాంగణం ఈ పనికి ఎందుకు అనువైనదో శాంతినికేతన్ ఎప్పుడో చూపింది. అక్కడి ఆరుబయట రామ్‌కింకర్ బైజ్ 1938లో సంథాల్ కుటుంబాన్ని శిల్పంగా నిలిపారు. హిందీ భవన్ గోడల మీద వినోద్ బిహారీ ముఖర్జీ 1946–47లో మధ్యయుగ సాధుసంతులను చిత్రించారు. నందలాల్ బోస్ వద్ద అక్కడ చదివి వచ్చిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాద్ లలితకళా కళాశాలలో తరాల విద్యార్థులకు పాఠం చెప్పారు గనుక ఆ వారసత్వం ఈ నగరానికి పరాయిది కాదు. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయంలో హువాన్ ఓ'గోర్మన్ గ్రంథాలయ భవనపు నాలుగు గోడలనూ దేశంలోని రంగురాళ్లతో కప్పి తమ చరిత్రను అందులో పొదిగాడు. ఉస్మానియాలో ఆర్ట్స్ కళాశాల భవనానికి ఎవరూ రంగు వేయనక్కర్లేదు, వేయకూడదు కూడా. గులాబీ ఛాయ గ్రానైట్‌తో 1939లో పూర్తయిన ఆ భవనమే ఒక మహాశిల్పం. దాని వాస్తుశిల్పి, బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ పేరు పుస్తకాల్లో దొరుకుతుంది, ఆ రాతిని చెక్కిన ఒడ్డెరల పేర్లు, మేస్త్రీల పేర్లు దొరకవు. కొత్త గోడల విషయంలోనైనా ఆ తప్పు జరగకుండా, వేసినవారి పేరు చిత్రం అంచున చదవగలిగేంత పెద్దగా ఉండాలి. హాస్టళ్ల ప్రహరీలు, రైలుపట్టాల వెంట గోడలు, వివిధ విభాగాల వెనుక ఖాళీ గోడలు ఇందుకు ఉన్నాయి. విద్యార్థి సంఘాలు సున్నంతోనూ జాజుతోనూ నినాదాలు రాసే అలవాటు ఈ గోడలకు ఎప్పటినుంచో ఉంది కాబట్టి మాట్లాడడం వాటికి కొత్త కాదు.

పారితోషికం సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. 2017 అక్టోబరులో బీహార్‌లోని మధుబని స్టేషన్‌ను స్థానిక చిత్రకారులు తమ సంప్రదాయ చిత్రాలతో నింపినప్పుడు అది శ్రమదానంగా జరిగిందని దేశమంతా మెచ్చుకుంది. ఊరి మీద ప్రేమతో చేసిన ఆ దానం గొప్పదే. ఆ ఉదాహరణను చూపి కాచిగూడలోనో తార్నాకలోనో చిత్రకారులను రంగుల ఖర్చు ఇస్తాం, పేరొస్తుంది కదా అని పిలవడం మాత్రం గొప్ప కాదు. భవన నిర్మాణ వ్యయంలో ఒక శాతాన్ని కళకు కేటాయించే పద్ధతిని ఫిలడెల్ఫియా నగరం 1959లోనే నియమంగా చేసుకుంది. మన దేశంలో హోమీ భాభా టాటా మౌలిక పరిశోధన సంస్థలో అదే నిష్పత్తిలో చిత్రాలు సేకరించారు. ఉస్మానియాలో కట్టే ప్రతి కొత్త హాస్టల్, తార్నాకలో వేసే ప్రతి కొత్త వంతెన అంచనా పత్రంలో ఆ ఒక్క శాతం కనిపించాలని కోరడం అత్యాశ కాదు.

ప్రదర్శనల విషయంలో దూరమే పెద్ద అడ్డు. నగరంలో పేరున్న గ్యాలరీలు చాలావరకు బంజారాహిల్స్, మాదాపూర్ వైపు చేరాయి. రాష్ట్ర చిత్రకళా ప్రదర్శనశాల కూడా అటే ఉంది. పి. టి. రెడ్డి (1915–1996) నారాయణగూడలోని తన ఇంటినే సుధర్మ పేరుతో కళాప్రదర్శనశాలగా మలచినప్పుడు కాచిగూడ వాసులకు ఆధునిక చిత్రకళ నడకదూరంలో ఉండేది. ఆ దూరాన్ని మళ్లీ తగ్గించడానికి కోట్ల రూపాయల భవనం అవసరం లేదు. కాచిగూడ స్టేషన్ నిరీక్షణ మందిరంలో నెలకొక చిత్రకారిణికో చిత్రకారుడికో చోటివ్వవచ్చు, ఆర్ట్స్ కళాశాల వసారాల్లో మసాబ్‌ట్యాంక్ లలితకళా విశ్వవిద్యాలయ విద్యార్థుల పనిని చూపవచ్చు, బొమ్మ పక్కన తెలుగులోనూ ఉర్దూలోనూ నాలుగు వాక్యాల వివరణ ఉంచవచ్చు.

హైదరాబాద్ ఎండకూ వానకూ రంగు శాశ్వతంగా నిలవదు. జిగురు కలిపిన నకాషీ రంగులైతే మొదటి వానాకాలం కూడా దాటవు కాబట్టి గోడ మీద వాటికి బదులు ఆరుబయట నిలిచే అక్రిలిక్ రంగులు వాడక తప్పదు, పూతకు ముందు చెమ్మ తీసి గోడను సిద్ధం చేయకా తప్పదు. నిర్వహణకు డబ్బు కేటాయించని చోట బొమ్మ వేయించడం ఆ చిత్రకారులకే అవమానం. చెరిగిపోక తప్పని చిత్రం ఫొటోలనూ, వేసినవారి పేర్లనూ, అంశాన్ని ఎంచుకోవడానికి జరిగిన సమావేశాల నమోదునూ ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రపరచాలి. తాళపత్రాలను ఇన్నాళ్లూ కాపాడిన గ్రంథాలయానికి అది అసాధ్యమైన పనేమీ కాదు.