తెగిన ముడికి సాక్ష్యం ఎక్కడ?

పెళ్లికి సాక్ష్యాల కొదవ లేదు. శుభలేఖ ఉంటుంది, ఫొటోల ఆల్బమ్ ఉంటుంది, అక్షింతలు వేసిన బంధువులుంటారు, రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటుంది. కోర్టు ద్వారా తీసుకున్న విడాకులకు మాత్రం ఉండేది ఒక్కటే దాఖలా, డిక్రీ. జనన మరణాలకు, వివాహాలకు ఉన్నట్లు విడాకుల కోసం ప్రత్యేకంగా రిజిస్టరు నిర్వహించే కార్యాలయం దేశంలో చాలాచోట్ల లేదు. ఏ కోర్టు ఆ పెళ్లిని రద్దు చేసిందో ఆ కోర్టు ఫైల్లోనే దానికి రుజువు ఉంటుంది. ఇంట్లో ఉన్న కాపీ పోతే ఆ ఫైలును వెతుక్కుంటూ వెళ్లాల్సిందే.

కొన్ని అవసరాలు తగ్గిన మాట నిజమే. విదేశాంగ శాఖ 2016 డిసెంబర్‌లో నిబంధనలు సడలించడంతో పాస్‌పోర్టుకు విడాకుల డిక్రీ చూపాల్సిన పని తప్పింది. కానీ మళ్లీ పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకోవాలన్నా, జీవిత భాగస్వామిగా అమెరికా వంటి దేశాలకు వలస వీసా కోరాలన్నా డిక్రీ అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న ఢిల్లీలో మరో ముఖ్యమైన అవసరం కుటుంబ పింఛను. తల్లిదండ్రులిద్దరూ పోయాక, సొంత ఆదాయం పరిమితికి లోబడి ఉండి మళ్లీ పెళ్లి చేసుకోని కుమార్తెకు ఆ పింఛను దక్కే వీలుంది. ఒకప్పుడు తల్లిదండ్రులు బతికుండగానే విడాకులు మంజూరై ఉండాలనేవారు. 2017 జులై 19 నాటి కేంద్ర ఉత్తర్వు ఆ కష్టాన్ని తగ్గించింది. వారిలో ఒకరైనా జీవించి ఉన్నప్పుడు విడాకుల పిటిషన్ దాఖలైతే చాలు, డిక్రీ తర్వాత వచ్చినా ఫర్వాలేదు. అంటే ఒక మహిళ జీవితాంతం నెలనెలా అందుకునే డబ్బు ఒక ఫైలు మీద ఉన్న తేదీపై ఆధారపడి ఉంటుంది.

ఆ ఫైలు ఎక్కడుందన్నది మొదటి చిక్కు. హిందూ వివాహ చట్టం ప్రకారం పిటిషన్‌ను పెళ్లి జరిగిన చోట, ప్రతివాది ఉంటున్న చోట, దంపతులు చివరిసారి కలిసి కాపురమున్న చోట వేయవచ్చు. 2003 సవరణతో భార్య తానుంటున్న చోటే వేసే వీలు కలిగింది. కాబట్టి ఢిల్లీలో కాపురం చేసిన జంట ఫైలు గుంటూరులోనూ ఉండొచ్చు. రాజధాని ప్రాంతంలోనే ఉన్నా చిక్కు తీరదు. మెట్రో రైలు ఒకటే అయినా గురుగ్రామ్, ఫరీదాబాద్ కోర్టులు పంజాబ్-హర్యానా హైకోర్టు కిందికి, నోయిడా, ఘజియాబాద్ కోర్టులు అలహాబాద్ హైకోర్టు కిందికి వస్తాయి. కాపీల నిబంధనలు, ఫీజులు దేనికవే. నోయిడా ఉన్న గౌతమ్ బుద్ధ నగర్ జిల్లా పుట్టింది 1997లో. అంతకుముందు అది ఘజియాబాద్ జిల్లాలో భాగం. 1990ల మొదట్లో నోయిడా దంపతులు తీసుకున్న విడాకుల కోసం ఇప్పటి జిల్లా కోర్టు ఉన్న సూరజ్‌పూర్ వెళితే ఒక రోజు వృథా కావచ్చు.

ఢిల్లీ లోపల కూడా కోర్టుల చరిత్ర తెలిసుండాలి. తీస్ హజారీ 1958 నాటిది. కడ్కడ్డూమా 1993లో, రోహిణి 2005లో, ద్వారకా 2008లో, సాకేత్ 2010లో వచ్చాయి. 1980ల నాటి కేసైతే అన్వేషణ తీస్ హజారీ నుంచి మొదలుపెట్టడం మేలు. ఢిల్లీలో ఫ్యామిలీ కోర్టులు 2009లో గానీ మొదలు కాలేదు. అంతకుముందు విడాకుల పిటిషన్లను అదనపు జిల్లా జడ్జీలు విచారించేవారు. ఆ ఏడాదికి ముందు నాటి కేసును ఫ్యామిలీ కోర్టు పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు.

కొత్త కేసులకు దారి కాస్త సులువు. ప్రతి కేసుకూ అక్షరాలు, అంకెలు కలిపి 16 స్థానాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. 2013లో మొదలైన ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఆ నంబరుతో గానీ, కక్షిదారు పేరు, సంవత్సరంతో గానీ వెతకవచ్చు. పాత కేసులకు కావాల్సింది ‘హెచ్‌ఎంఏ’ నంబరు, జడ్జి పేరు, తీర్పు తేదీ. తీర్పు వచ్చాక కొంతకాలానికి ఫైలు కోర్టు గుమస్తా అయిన అహల్మద్ చేతి నుంచి రికార్డు రూముకు చేరుతుంది. అక్కడ దానికి పడే నంబరును గోష్వారా నంబరు అంటారు. రెవెన్యూ లెక్కలు చూసిన తెలుగువారికి ఈ మాట కొత్తది కాదు. కోర్టు రిజిస్టరులో ఆ నంబరు దొరికితే సగం పని అయిపోయినట్టే. దాన్ని జతచేసి కాపీయింగ్ ఏజెన్సీలో దరఖాస్తు ఇచ్చి, కోర్టు ఫీజు కట్టాలి. తొందరగా కావాలంటే అర్జంట్ ఫీజు అదనం.

పాత ఫైల్లోని కాగితాలన్నీ శాశ్వతం కావు. నిర్ణీత గడువు తర్వాత కొన్నిటిని తొలగించే నిబంధనలున్నాయి. అలా పిటిషన్ ప్రతి దొరక్కపోయినా నిరాశపడనక్కర్లేదు. ఢిల్లీ కింది కోర్టుల తీర్పుల మొదటి పేజీలోనే కేసు దాఖలైన తేదీ రాసి ఉండడం మామూలే. పింఛను కోరేవారు డిక్రీతో పాటు తీర్పు కాపీ కూడా అడగాల్సింది అందుకే.

ఈ కాగితాలు అందరికీ ఇవ్వరు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం విచారణ రహస్యంగా జరుగుతుంది. దాని వివరాలు ప్రచురిస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా. కక్షిదారులకు కాపీ హక్కుగా వస్తుంది. బయటివారు మాత్రం తమకెందుకు కావాలో చెప్పి కోర్టును ఒప్పించాలి. సమాచార హక్కు దరఖాస్తు ఇక్కడ పనిచేయదు. కోర్టు రికార్డుల కాపీలు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చిచెప్పింది. ‘అబ్బాయికి ఢిల్లీలో విడాకులయ్యాయి’ అని మధ్యవర్తి చెబితే దళారులకు డబ్బిచ్చి ఆరా తీయించడం కంటే సర్టిఫైడ్ కాపీ తెమ్మని ఆ అబ్బాయినే అడగడం మంచిది. నిజంగా విడాకులైన వ్యక్తికి అది పెద్ద పని కాదు.

తెచ్చిన కాగితాన్ని చదవడమూ ముఖ్యమే. పరస్పర అంగీకార విడాకుల్లో ఢిల్లీ కోర్టులు రెండు దశలు పాటిస్తాయి. ఫస్ట్ మోషన్ ఉత్తర్వు చేతికొచ్చినంత మాత్రాన పెళ్లి రద్దు కాదు. సెకండ్ మోషన్ తర్వాత ఇచ్చే డిక్రీతోనే రద్దవుతుంది. ఆ తర్వాతా అప్పీలు గడువు ముగిసే దాకా మళ్లీ పెళ్లికి ఆగాలని 15వ సెక్షన్ చెబుతోంది.

విదేశీ డిక్రీల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక తెలుగు వ్యక్తి అమెరికాలోని మిస్సోరి కోర్టులో విడాకులు పొంది మరో పెళ్లి చేసుకున్నారు. మొదటి భార్య పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడి క్లర్కు ధ్రువీకరించినా, భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేనందువల్ల ఆ కాపీ సాక్ష్యంగా చెల్లదని 1991లో కోర్టు పేర్కొంది. కాపీ సంగతి అలా ఉంచి, ఆ విడాకులనే గుర్తించలేదు. ఇక్కడి డిక్రీని విదేశంలో చూపాలన్నా ధ్రువీకరణ కావాలి. అపోస్టిల్ ఒప్పందం భారత్‌లో 2005 జులై నుంచి అమల్లో ఉంది. ఆ దేశాలకైతే ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర చాలు.

ఇంత తిరుగుడును తప్పించే ఏర్పాటు చట్టంలోనే ఉంది. విడాకులు మంజూరు చేసిన కోర్టు ఇరుపక్షాలకూ డిక్రీ కాపీని ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ నిర్దేశిస్తోంది. కేసు ముగిసిన రోజున ఆ కోర్టు వైపు మళ్లీ చూడకూడదనిపించడం సహజం. కానీ ఆ కాపీ అడిగి తీసుకుని, తీర్పు నకళ్లు అదనంగా ఒకట్రెండు తీసుకుని, కేసు నంబరు వేరుగా రాసి పెట్టుకుంటే పదిహేనేళ్ల తర్వాత రికార్డు రూము మెట్లెక్కే అవసరం రాదు.