ఆరోగ్య దీపిక: పక్షవాతం తగ్గినా తగ్గని మంట

భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా ప్రారంభమైంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి వచ్చి ఆ కొలిముల వద్ద పనిచేసిన తొలి తరం ఎన్నడో విశ్రాంతి పొందింది. వారి తరువాత చేరినవారిలోనూ ఎందరో నేడు పదవీ విరమణ చేసి, రక్తపోటు మాత్రలతో, మధుమేహపు పథ్యంతో కాలం గడుపుతున్నారు. కనుక పక్షవాతం మన కుటుంబాలకు కొత్త మాట కాదు. అయితే పక్షవాతం వచ్చి తగ్గుముఖం పట్టిన తరువాత కొందరిని పట్టి పీడించే ఒక నొప్పిని గురించి తెలిసినవారు తక్కువ. ఈసారి దానిని గురించి చెప్పుకుందాం.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంటి పెద్దకు ఎడమ వైపు పక్షవాతం వచ్చింది. వైద్యం సకాలంలో అందింది. రెండు నెలలలో కర్ర సాయంతో నడవసాగారు. అందరూ ఊపిరి పీల్చుకున్న సమయంలో ఆయన ఎడమ చేయి, ఎడమ చెంప కారం పూసినట్లు మండుతున్నాయని అనడం మొదలుపెట్టారు. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. ఫ్యాను గాలి సూదులై గుచ్చుతుంది. జనవరి చలిలో కుళాయి నీరు చేతిపై పడితే నిప్పు పడినట్లు ఉలిక్కిపడతారు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, రక్తపరీక్షలూ బాగానే ఉంటాయి. "ఏమీ లేదని డాక్టరుగారే చెప్పారు కదా నాన్నా!" అంటాడు కుమారుడు. రాత్రంతా మేల్కొని ఉన్న ఆ ఇల్లాలికి మాత్రం ఏమీ లేదంటే నమ్మకం కలగదు. ఆమె నమ్మకపోవడమే సరైనది.

ఈ నొప్పికి మూలం చేతిలో లేదు, మెదడులో ఉంది. మన పాఠకులకు పరిచయమైన ఉదాహరణతో చెబుతాం. కొలిమి వేడిని థర్మోకపుల్ కొలుస్తుంది. ఆ సంకేతం తీగల ద్వారా కంట్రోల్ రూంకు చేరుతుంది. నడుమ తీగ కాలి చెడిపోతే కొలిమి సవ్యంగా ఉన్నా కంట్రోల్ రూంలో ప్రమాద ఘంటిక మోగవచ్చు. అప్పుడు కొలిమి వద్దకు పోయి ఎంత వెదికినా లోపం దొరకదు. అదే విధంగా, వేడిని, చల్లదనాన్ని, నొప్పిని మెదడుకు చేరవేసే నాడీమార్గం పక్షవాతంలో దెబ్బతింటే, చేతికి ఏ గాయమూ లేకున్నా మెదడు మంటను అనుభవిస్తుంది. ఆ అనుభవం కల్పన కాదు, నటన అంతకన్నా కాదు.

ఫ్రెంచి వైద్యులు డెజరీన్, రూసీ 1906లోనే దీనిని వర్ణించారు. మెదడు లోతులో, స్పర్శజ్ఞానపు కూడలివంటి థలామస్ అనే భాగం దెబ్బతిన్న రోగులలో వారు దీనిని గమనించారు. ఆ మార్గంలో మరొకచోట దెబ్బ తగిలినా ఇది రావచ్చునని తరువాత తెలిసింది. 1995లో డెన్మార్క్ వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, పక్షవాతం నుండి బ్రతికి బయటపడిన 207 మందిలో 16 మందికి, అనగా నూటికి 8 మందికి, ఏడాదిలోగా ఈ నొప్పి కనిపించింది. కొందరికి నెలలోపే మొదలైతే, కొందరికి ఆరు నెలలు దాటాక వచ్చింది. అందువలన దీనికి, పక్షవాతానికి సంబంధం ఉన్నదన్న ఆలోచన ఇంటివారికి తట్టదు.

పక్షవాతం తరువాత వచ్చే ప్రతి నొప్పీ ఇదే కాదు. బలహీనపడిన చేతిని పట్టి లాగి లేపడం వలన భుజం కీలు నొప్పి పెట్టవచ్చు. కండరాలు బిగుసుకొని బాధించవచ్చు. మధుమేహం ఉన్నవారికి రెండు పాదాలూ మండవచ్చు. వీటి చికిత్సలు వేరు. ఏది ఏదో తేల్చవలసినది వైద్యుడు.

ఇక చికిత్స సంగతి. సాధారణ నొప్పి మాత్రలు దీనిపై పనిచేయవు. పైగా డైక్లోఫెనాక్ వంటివి విచ్చలవిడిగా మింగితే రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు చెడతాయి. ఆస్పిరిన్ వాడేవారికి కడుపులో రక్తస్రావం కావచ్చు. నాడుల నొప్పికి వేరే మందులు ఉన్నాయి. 1989లో స్వీడన్‌లో 15 మందిపై జరిగిన పరీక్షలో అమిట్రిప్టిలిన్ అనే మందు ఉపశమనం ఇచ్చింది. 2001లో డెన్మార్క్‌లో లామోట్రిజిన్ కొంత మేలు చేసింది. ప్రీగాబాలిన్‌ను 219 మందిపై పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. నొప్పి విషయంలో ఉత్తుత్తి మాత్రకన్నా అది స్పష్టంగా మెరుగని తేలలేదు, కాని నిద్ర, ఆందోళన విషయంలో మేలు కనిపించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అమిట్రిప్టిలిన్ మానసిక కుంగుబాటుకు, లామోట్రిజిన్ మూర్ఛకు కూడా వాడే మందులు. ఆ సంగతి తెలిసి, "నాకు పిచ్చా? నాకు మూర్ఛా?" అని మందు పారవేసేవారు ఉంటారు. ఒకే మందు పలు వ్యాధులకు పనికిరావడం వైద్యంలో సామాన్యం. అయితే ఇవి సొంతంగా కొని వాడవలసినవి కావు. గుండె జబ్బు, నీటికాసులు, మూత్రం బిగింపు ఉన్నవారికి అమిట్రిప్టిలిన్ హాని చేయవచ్చు. లామోట్రిజిన్ వాడుతుండగా ఒంటిపై దద్దుర్లు వస్తే వెంటనే వైద్యునికి చూపాలి. ఈ మందులను తక్కువ మోతాదుతో ఆరంభించి వారాల మీద పెంచుతారు, హఠాత్తుగా ఆపకూడదు. నొప్పి పూర్తిగా పోవడం అరుదు. సగానికి తగ్గి రాత్రి నిద్ర పట్టినా చికిత్స ఫలించినట్లే.

ఇంటివారు చేయగలిగినదీ ఉంది. గోరువెచ్చని నీరు, పొడుగు చేతుల నూలు చొక్కా, ఫ్యాను గాలి నేరుగా తగలని పడక మేలు చేస్తాయి. వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టవద్దు. ఆ వైపు వేడి సరిగా తెలియదు కనుక చర్మం బొబ్బలెక్కవచ్చు. స్నానపు నీటిని మంచి చేతితో చూసుకోవాలి. నొప్పి అని చేతిని కదపకుండా ఉంచితే కీళ్ళు బిగుస్తాయి కనుక వ్యాయామం మానరాదు. పావురపు రక్తం పూయడం వంటి నాటువైద్యాలకు డబ్బు, కాలం వ్యర్థం చేయవద్దు.

వైద్యునికి చెప్పడంలోనూ జాగ్రత్త అవసరం. మన భాషలో మంట, పోటు, సలుపు, తిమ్మిరి, చీమలు ప్రాకడం వేర్వేరు మాటలు. హిందీ రాని తల్లి తెలుగులో ఇన్ని విధాల చెప్పుకున్న బాధ, వెంట వెళ్ళినవారి నోట ఒక్క 'దర్ద్' అయిపోతుంది. మంట 'జలన్' అని, తిమ్మిరి 'ఝున్‌ఝునీ' అని విడదీసి చెప్పండి. ఎప్పుడు మొదలైంది, ఏది తగిలితే పెరుగుతున్నది, నిద్ర ఎన్ని గంటలు అనే మూడు సంగతులు కాగితంపై వ్రాసి, సెక్టార్ 9 ఆసుపత్రికైనా, రాయపూర్ ఎయిమ్స్‌కైనా వెంట తీసుకొని వెళ్ళండి. స్వస్థలంలో స్థిరపడినవారు విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి చోట్ల నాడీవైద్యులకు చూపించుకోవచ్చు.

మూతి వంకర పోవడం, మాట తడబడటం, కాలు చేయి పడిపోవడం హఠాత్తుగా కనిపిస్తే మాత్రం అది పాత నొప్పి కాదు, మరొక పక్షవాతం కావచ్చు. గడ్డను కరిగించే సూదిమందుకు గడువు నాలుగున్నర గంటలే. గడియారం చూసుకొని వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.

కంటికి కనిపించని బాధను పదేపదే చెప్పుకోవలసి రావడం రోగికి రెండవ శిక్ష. మందు పనిచేయడానికి వారాలు పట్టవచ్చు. ఆయన చెప్పే మాటను నమ్మడం ఈ రోజే మొదలుపెట్టవచ్చునని పాఠక కుటుంబాలకు మా మనవి.