కొత్త పాము ఇంటికొచ్చిందా? మొదటి వారం చేతులు కట్టుకోండి!

అమెరికాలో చదువుకోడానికి వెళ్లిన మనవాళ్లు ఏ పెట్ స్టోర్‌లోకో సరదాగా అడుగుపెడితే, ఓ మూల గాజు పెట్టెలో చుట్ట చుట్టుకుని కనిపిస్తుంది బాల్ పైథాన్. మొరగదు, బొచ్చు రాల్చదు, వాకింగ్‌కి తీసుకెళ్లమని గోల చెయ్యదు. అపార్ట్‌మెంట్ ఓనర్ సరేనంటే చాలు, రూమ్‌లోకి వచ్చేస్తుంది.

ఆ సాయంత్రమే మెడలో వేసుకుని రీల్. మర్నాడు ఫ్రెండ్స్ అందరి చేతుల్లోకీ ఓ రౌండ్. వారం తిరిగేసరికి, ‘ఏం పెట్టినా తినట్లేదు, ఏమైందో’ అని కంగారు!

ఈ మూడింటికీ గట్టి లింకే ఉంది. ఇవాళ మన ముచ్చట దాని గురించే.

అది మచ్చిక కాదు, భయం

బాల్ పైథాన్ సొంతూరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. అక్కడ పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని, చీకటి పడ్డాక బయటికొస్తుంది. భయమేస్తే తలని మధ్యలో పెట్టుకుని బంతిలా ముడుచుకుపోతుంది. ఆ పేరు వచ్చిందే అందుకు.

ఇప్పుడు ఆలోచించండి. మొదటిరోజే చేతిలో కదలకుండా ఉంటే మనం ‘అబ్బ, ఎంత బుద్ధిమంతురాలో!’ అనుకుంటాం. నిజానికి అది బిగుసుకుపోయి ఉండొచ్చు. కుక్కలా తోక ఊపదు, పిల్లిలా అరవదు. దాని ముఖం చూసి మూడ్ కనిపెట్టలేం. కానీ తిండి మానేస్తే మాత్రం అది ఏదో చెబుతున్నట్టే.

పాము కంటే ముందు ఇల్లు

పామును తెచ్చాక పెట్టె సర్దుదామంటే కుదరదు. రెండు మూడు రోజుల ముందే అంతా సిద్ధంగా ఉండాలి. పెట్టెలో ఒకవైపు వెచ్చగా, అంటే 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండోవైపు చల్లగా, 76 నుంచి 80 డిగ్రీలు ఉండాలి. పాము తన ఒంటి వేడిని తను పుట్టించుకోలేదు. అటూ ఇటూ జరుగుతూ సర్దుకుంటుంది. తేమ 60 శాతం దగ్గర్లో ఉంటే హాయిగా ఉంటుంది.

హీటర్‌కి థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేకపోతే కింద పొట్ట కాలిపోయినా పాము లేచి పక్కకి జరగకపోవచ్చు. దాక్కోడానికి రెండు గూళ్లు పెట్టండి, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి. ఒక్కటే పెడితే వేడి కావాలా, దాక్కునే చోటు కావాలా అన్న తిప్పలు దానికి. గూడు విశాలంగా కాదు, ఒళ్లు చుట్టూ తగిలేంత ఇరుగ్గా ఉండాలి. ఓ గిన్నెలో నీళ్లు. పాలు కాదండోయ్! పుట్టలో పాలు పోసినా, పాములకి పాలు ఆహారం కాదు. ఇక పెట్టె మూతకి లాక్ వెయ్యండి. సందు దొరికితే పాము ఆగదు.

మొదటి 7 రోజులు

నీళ్లు మార్చండి, టెంపరేచర్ చూడండి, మూత వేసెయ్యండి. అంతే. ఎత్తుకోవద్దు, గూడు తీసి ‘ఉందా లేదా’ అని తొంగి చూడొద్దు. గాజు మీద వేళ్లతో కొట్టొద్దు. రీల్ వచ్చే నెల తీసుకోవచ్చు.

ముందు భోజనం, తర్వాత పలకరింపు

వారం అయ్యాక మొదటి భోజనం. పాము ఒంట్లో బాగా లావుగా ఉన్నచోటు ఎంత ఉందో, ఎలుక అంత లావు ఉంటే చాలు. ఫ్రీజర్‌లో దొరికే ఎలుకనే కొనండి. బతికున్న ఎలుకని వదిలితే అది పామునే కొరికేస్తుంది. గడ్డ పూర్తిగా కరిగాక గోరువెచ్చని నీళ్లలో వేడి చేసి, పొడవాటి పట్టకారుతో అందించండి. దీని పెదాల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, చల్లని ఎలుకని పట్టించుకోకపోవచ్చు.

తినలేదా? తీసేసి, మళ్లీ వారం ఆగండి. రోజూ ప్రయత్నిస్తే ఇంకా బెదురుతుంది. బాల్ పైథాన్‌లు వారాల తరబడి ఉపవాసాలు ఉండటంలో దిట్టలు. అందుకే కిచెన్ స్కేల్ మీద బరువు రాసిపెట్టుకోండి. బరువు నిలకడగా ఉంటే గాభరా వద్దు. తగ్గిపోతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా వెంటనే పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

వరసగా రెండుసార్లు తిన్నాకే ఎత్తుకునే ఆలోచన. తిన్నాక 48 గంటలు ముట్టుకోకూడదు, కక్కేసే ప్రమాదం ఉంది.

చేతిలోకి ఎలా?

ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. వేళ్లకి ఎలుక వాసన ఉంటే వేలే భోజనం అనుకుంటుంది. పైనుంచి తల మీదికి చెయ్యి తీసుకెళ్లొద్దు, గద్ద వాలినట్టు ఉంటుంది దానికి. పక్కనుంచి, నడుం దగ్గర మెల్లగా తాకి, రెండు చేతులతో కింద నుంచి ఎత్తండి. గట్టిగా పట్టుకోకండి. మీ చేతులు కొమ్మలు అనుకోండి, దాని దారిన దాన్ని పాకనివ్వండి. మొదట్లో 5 నిమిషాలు, తర్వాత 10, 15.

నాలుక ఆడిస్తూ నిదానంగా తిరుగుతుంటే బాగానే ఉన్నట్టు. మెడ ‘ఎస్’ ఆకారంలో వెనక్కి లాగి, బుస కొడితే ఆరోజుకి వదిలెయ్యండి. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం. అది అయ్యేదాకా ముట్టుకోవద్దు.

దింపాక మళ్లీ చేతులు కడుక్కోండి. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే పాము ఆలోచనే మానుకోవడం మంచిది.

మరి మన దగ్గర?

నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన పాముల్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రీల్స్ చూసి ఎవరూ ట్రై చెయ్యకండి. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాముల్ని ఉంచుకుంటే 2022 సవరణ కింద ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. కాగితాల్లేని పామును కొంటే పాముతోపాటు కేసూ ఇంటికొస్తుంది.

ఇంకొక్క మాట. బాల్ పైథాన్ 20, 30 ఏళ్లు బతుకుతుంది. ఈలోగా మీ ఎమ్మెస్ అయిపోతుంది, ఉద్యోగం మారుతుంది, పెళ్లవుతుంది. హవాయిలో జాబ్ వస్తే అక్కడ పెంపుడు పాములే నిషేధం. ఇండియా వచ్చేస్తే సూట్‌కేస్‌లో పెట్టుకు రాలేరు. మీరు లేనప్పుడు దాన్ని చూసుకునేది ఎవరో చెప్పగలిగితేనే కొనండి. కొన్నాక మాత్రం మొదటి వారం దానికే వదిలెయ్యండి.