గుర్తునకు అర్థ మెచ్చటిది?

మబ్బు పట్టినచో వాన వచ్చునని రైతు గ్రహించును. అంచులకు పసుపు పూసిన లేఖ చేతికి వచ్చినచో, విప్పి చదువకమునుపే శుభవార్త యని గృహిణి గ్రహించును. ఈ రెండును గుర్తులే; కాని రెండింటికిని గొప్ప భేదము కలదు. మబ్బునకును వానకును గల సంబంధము ప్రకృతి కల్పించినది. పసుపునకును శుభమునకును గల సంబంధము మనుష్యులు తమలో తాము కల్పించుకొన్నది. మొదటిది ఏ దేశమునందైనను చెల్లును. రెండవది తెలిసినవారి నడుమనే చెల్లును. ఈ భేదమును చక్కగా తెలిసికొన్నచో, పిల్లల చదువును గూర్చి మనలో జరుగుచున్న వాదము కొంత తేటపడునని నా యభిప్రాయము.

మన పూర్వులు ఈ విచారమును ఏనాడో చేసిరి. పొగను చూచి నిప్పు నూహించుట అనుమానమని నైయాయికులు చెప్పిరి. పదమునకు అర్థము సంకేతమువలన వచ్చునని వాదించిరి. శబ్దార్థముల సంబంధము నిత్యమని మీమాంసకులు వారిని ప్రతిఘటించిరి. పాశ్చాత్యులలో అమెరికా వాడగు పర్స్ (1839–1914) గుర్తులను మూడు తెగలుగా విభజించెను: పటమువలె పోలికచే తెలుపునవి, పొగవలె సంబంధముచే తెలుపునవి, మాటవలె కట్టుబాటుచే తెలుపునవి. జెనీవాలో బోధించిన సొస్యూర్ (1857–1913) ఉపన్యాసములను ఆయన గతించిన పిమ్మట 1916లో గ్రంథముగా వెలువరించిరి. శబ్దరూపమును, భావమును ఒకే కాగితమునకు రెండు ముఖములవంటి వనియు, ఆ రెండింటి కూర్పునకు స్వభావసిద్ధమైన కారణము లేదనియు, ఏ గుర్తు విలువయైనను తక్కిన గుర్తులతో దానికి గల భేదమువలననే యేర్పడుననియు ఆయన సిద్ధాంతము.

రెండు భాషలలో బ్రదుకు మనకు దీనికి వేరే నిదర్శన మేల? ‘సాకు’ అనిన మన యింట నెపము. వీథిలోనికి పోయిన ‘చాలును’. ‘ఊట’ అనిన మనకు చెలమలోని నీరు, కన్నడమున భోజనము. ‘బేడ’ అనిన మన పెద్దలకు రెండణాలు, కన్నడిగునకు ‘వద్దు’. ‘మాడు’ అనిన మన వంటయింటిలో ప్రమాదము, కన్నడమున ‘చేయుము’. ధ్వని ఒక్కటే, కట్టుబాటు వేరు. ఇక మన ఊరి పేరునే చూడుడు. చిక్కబళ్ళాపురము లేనిచో మనది దొడ్డది యగుటెట్లు?

మగ్గము నెరిగిన వారికి ఇది మరింత సులభముగా బోధపడును. 1804 నాటి ఫ్రెంచివాని కల్పనయగు జాకార్డులో అట్టమీద రంధ్రమున్నచోట పడుగుపోగు పైకి లేచును, లేనిచోట క్రిందనే యుండును. ఒక్క రంధ్రమునకు అర్థము లేదు. ఉన్నవాటి, లేనివాటి వరుసయే చీరపై నెమలి యగుచున్నది. అక్షరములును అట్టివే.

ఇక వాదమునకు వత్తము. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో కన్నడమును, ఇంగ్లీషును చదువుదురు. తెలుగు అక్షరము నెరుగనివారు పెక్కుమంది. లిపి వట్టి వస్త్రమే గదా, తెలుగును కన్నడలిపిలో వ్రాసికొన్న చాలునని కొందరందురు. లిపి పోయినచో భాషయే పోయినదని మరికొందరందురు.

మొదటి మాటలో సత్యము కలదు. త్యాగరాజస్వామి తెలుగు కృతులు కన్నడ, తమిళ, నాగరి లిపులలోను అచ్చుపడినవి. అందువలన అవి తెలుగు కాకపోలేదు. పైగా ఈ రెండు లిపులును ఒకే తల్లి బిడ్డలు. అనేక శతాబ్దములు ఒకటిగానే నడచిన దానిని పండితులు తెలుగు–కన్నడ లిపి యందురు. క్రమక్రమముగా ఎడమైన వానిని 19వ శతాబ్దపు అచ్చుయంత్రము స్థిరముగా వేరుచేసినది. 1991 నాటి యూనికోడ్ కంప్యూటరులో ఈ రెంటికిని ప్రక్కప్రక్కనే వేర్వేరు గదులను కేటాయించినది.

అయినను లిపి ధ్వనికి మాత్రమే గుర్తు కాదు. ఆ లిపిలో ఇదివరకే వ్రాయబడిన సమస్తమునకును అది ద్వారము. నన్నయ భారతము మొదలు నేటి పత్రిక వరకు, తాతగారి జమాఖర్చు పుస్తకము వరకు, ఆ ద్వారముననే పోవలెను. అక్షరము నెరుగని బిడ్డకు ఆ పుట, కట్టుబాటు నెరుగనివానికి లేఖపై పసుపువంటిదే: మరక కనబడును, వార్త తెలియదు. మన రాజ్యాంగము 29వ అధికరణమున భాషతోపాటు లిపిని వేరుగా పేర్కొని, రెండింటిని కాపాడుకొను హక్కు నొసగుట ఆలోచింపదగినది.

ఇది కన్నడముతో పోటీ కాదు. కన్నడము ఈ నేల భాష. మనకు అన్నము పెట్టిన భాష. దుకాణపు బోర్డులో నూటికి 60 పాళ్ళు కన్నడ ముండవలెనని 2024లో శాసనమైనది. పాటించుట మన ధర్మము. బోర్డు సరకు పేరును మాత్రమే కాక, ఇది ఎవరి ఊరో కూడ చెప్పును. కాని ఇంటిలోని గుర్తులను నిలుపుకొనుట మన చేతిలోని పని.

కష్టమును స్వల్పమే. కన్నడము చదివిన బిడ్డకు వర్ణక్రమము, గుణింతము, ఒత్తుల పద్ధతి ముందే వచ్చును. తలకట్టు మొదలగు రూపభేదములను నేర్పిన చాలును. అయితే, ఒంటరిగా పలక దిద్దించిన లాభము లేదు. కట్టుబాటునకు ఇద్దరు కావలెను. బిడ్డ వ్రాసిన చీటీని చదువు అవ్వ, ఆమె వ్రాసిన జాబునకు బదులు వ్రాయు మనుమడు ఉండవలెను. సంతకు పోవునపుడు సరకుల పట్టీ తెలుగున నుండనిండు. శుభలేఖలో ఒక పుట తెలుగున నుండనిండు. వాడుక యున్న గుర్తు బ్రదుకును. వాడుక తప్పినది గోడమీది ముగ్గువలె మాసిపోవును. అది మాసిపోకమునుపే ప్రతి యింటను ఒక్క చీటీయైనను వ్రాయబడుగాక!