నాన్న మెదడు వయసు 45!

మిర్యాలగూడ రైస్‌మిల్లులో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ నాన్న బస్తాల లెక్క నోటితోనే తేల్చేవాడు. ఈమధ్య తడబడుతుంటే, పాత నింటెండో డీఎస్ కొని సూర్యాపేటలో ఇంటికి పట్టుకెళ్లా. అందులో 2005లో జపాన్‌లో మొదలైన ‘బ్రెయిన్ ఏజ్’ గేమ్ ఉంది. చకచకా లెక్కలు చేస్తే మెదడు వయసు చెబుతుంది. బెస్ట్ 20.

నాన్నకి మొదటిరోజు 74. నెల తిరిగేసరికి 45! ఇంట్లో పండగే. అదే వారం కోదాడ నుంచి వచ్చిన మేనత్తని ‘‘ఎవరమ్మా నువ్వు?’’ అన్నాడు.

2010లో 11,430 మందిపై జరిగిన పరిశోధన చెప్పిందీ ఇదే: ఆడిన ఆటలో పదును పెరుగుతుంది, మిగతా పనుల్లో కాదు. రోజూ తగ్గే అంకె చూస్తే నమ్మేస్తాం బాస్, అదే దీని మాయ.

డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఆట మాత్రం ఆపలేదు. ‘‘ఇంకో ఆట ఆడుదాం రా బిడ్డా’’ అంటాడు. దానికి స్కోరెందుకు?