ఇంజిన్ ఒక్కటే మారిస్తే అయిపోతుందా?

పోయిన ఆదివారం మా అక్క కొడుకు బెజవాడ నుంచి ఫోన్ చేశాడు. వాడు నాకు ఫోన్ చేశాడంటే రెండే కారణాలు. రెజ్యూమె చూసిపెట్టమనడానికి, లేదా డబ్బులకి. ఈసారి రెండోది.

"మావయ్యా, ఒక లక్షన్నర సర్దుతావా? ఆర్నెల్లలో ఇచ్చేస్తా" అన్నాడు.

ఎందుకురా అంటే, మా బావగారు వాడి వదిలేసిన 2014 స్విఫ్ట్ పెట్రోల్ కారులో టర్బో ఇంజిన్ పెట్టిస్తాడట. యాక్సిడెంట్లో నుజ్జయిన బాలెనో ఆర్‌ఎస్ ఒకటి తుక్కుకి వచ్చిందట. దాని ఇంజిన్ అప్పుడే బేరం కూడా ఆడేశాడు. "రెండూ మారుతీలేగా మావయ్యా, ప్లగ్ అండ్ ప్లే" అన్నాడు.

ఇరవయ్యేళ్ళకి పైగా సాఫ్ట్‌వేర్లో ఉన్నవాణ్ణి. "ప్లగ్ అండ్ ప్లే" అని ఎవరన్నా అన్నారంటే నా శనాదివారాలు పోయినట్టే అని నాకు బాగా తెలుసు. ఇవ్వనని చెప్పేశాను. వాడు అలిగాడు. "నువ్వు కూడా నాన్నలాగే మాట్లాడుతున్నావ్" అని పెట్టేశాడు.

ఆ మాట కొంచెం గుచ్చుకుంది. ఎందుకంటే బావగారి బాధ వేరు, నా బాధ వేరు. ఆయనకి కారు విప్పటమే నచ్చదు. నాకు విప్పటం ఇష్టమే. ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ తాపీగా రాద్దామని కూర్చున్నా.

ముందు మావాడి ఆశ ఎక్కడ పుట్టిందో చెప్పాలి. అది మరీ పిచ్చి ఆశేం కాదు. వాడి స్విఫ్ట్‌లో ఉన్నది 1197 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్. టార్క్ 115 న్యూటన్ మీటర్ల దగ్గర, అదీ 4000 ఆర్‌పీఎమ్ దాకా తొక్కితే. బాలెనో ఆర్‌ఎస్‌లో ఉన్నది 998 సీసీ, మూడే సిలిండర్లు. కానీ 102 పీఎస్ పవర్, 150 న్యూటన్ మీటర్ల టార్క్. పైగా ఆ టార్క్ 1700 ఆర్‌పీఎమ్ నుంచే వచ్చేస్తుంది. అంటే ట్రాఫిక్‌లో లారీ పక్కనుంచి దాటాలంటే గేరు దించక్కర్లేదు, కాలు ఆనిస్తే చాలు. ఒకసారి అలవాటైతే మామూలు ఇంజిన్ చప్పగా ఉంటుంది, ఒప్పుకుంటా.

చిన్న ఇంజిన్‌కి అంత బలం ఎక్కణ్ణించి వస్తుందంటే, మామూలుగా గాల్లోకి వదిలేసే పొగలోంచే. ఆ పొగ వేగానికి ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఇంకో చక్రం ఉండి బయటి గాలిని లోపలికి కూరుతుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు, ఎక్కువ బలం. ఆ ఇరుసు నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరుగుతుంది, ఒక పల్చటి నూనె పొర మీద. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లార్చటానికి ఇంటర్‌కూలర్ కావాలి. వేడి గాలి అలాగే పోతే పెట్రోలు ముందే అంటుకుని పిస్టన్లు పగులుతాయి. ఇక్కడిదాకా ఇంటర్నెట్లో ప్రతి కుర్రాడూ చదివేసే ఉంటాడు.

వాళ్ళు చదవనిది ఏంటంటే, ఆ పని కంపెనీ వాడే చేసినప్పుడు ఇంకేమేం మార్చాడు అన్నది.

మారుతీ వాడు 2017 మార్చిలో బాలెనో ఆర్‌ఎస్ తెచ్చాడు. బాడీ అదే, ఫ్యాక్టరీ వాడిదే, ఇంజనీర్లు వాడి వాళ్ళే. పెరిగిన పవర్ ఇరవై పీఎస్ లోపే. ఆ మాత్రానికే వెనక చక్రాలకి డ్రమ్ బ్రేకులు తీసి డిస్క్ బ్రేకులు పెట్టాడు. ఒక్క రూపాయి మిగులుతుందంటే వదలని కంపెనీ అది. అవసరం లేకుండా డిస్కులు వేస్తుందా చెప్పండి?

మావాడి స్విఫ్టేమో బేస్ మోడల్. వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. వాడు బేరమాడింది ఇంజిన్ ఒక్కదానికే.

బ్రేకుల సంగతి ఇంత పట్టుకోవటానికి కారణం చిన్న లెక్క. కారులో ఉండే గతిశక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది, ఇంటర్మీడియెట్లో చదువుకున్నదే. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే మలుపు దగ్గరికి ఇప్పుడు 110తో వచ్చామనుకోండి. వేగం మూడో వంతు కూడా పెరిగినట్టనిపించదు, కానీ బ్రేకులు మింగాల్సిన శక్తి 1.9 రెట్లు. అదంతా వేడిగా మారాల్సిందే, వేరే దారి లేదు. డ్రమ్ములో ఆ వేడి త్వరగా బయటికి పోదు. మొదటిసారి ఆగుతుంది, రెండోసారీ ఆగుతుంది, మూడోసారి పెడల్ తొక్కుతూనే ఉంటాం... కారు పోతూనే ఉంటుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. 2007లో మిషిగన్‌లో ఉండేవాణ్ణి. నా రూమ్మేట్ దగ్గర సెకండ్ హ్యాండ్ డాడ్జ్ నియాన్ ఉండేది. 2 లీటర్ల ఇంజిన్, 132 హార్స్ పవర్, కాలేజీ పిల్లలు కొనుక్కునే మామూలు కారు. దానికే డాడ్జ్ వాడు 2003లో ఎస్‌ఆర్‌టి-4 అని టర్బో మోడల్ వదిలాడు. 2.4 లీటర్లు, 215 హార్స్ పవర్. తర్వాతి ఏడాది 230 చేశాడు. ఎక్కడన్నా ఎస్‌ఆర్‌టి-4 గుద్దుకుని తుక్కు యార్డుకొస్తే చాలు, మామూలు నియాన్ ఓనర్లు దాని చుట్టూ చేరేవాళ్ళు. మావాడు కూడా ఒక ఇంజిన్, గేర్‌బాక్స్, ఈసీయూ తెచ్చుకుని రెండు నెలలు కష్టపడి బిగించాడు. పానాలు అందించింది నేనే.

స్టార్ట్ అయిన రోజు ఎంత సంబరపడ్డామో! మొదటిసారి రాసిన ప్రోగ్రామ్ రన్నయినప్పుడు కూడా అంత ఆనందం లేదు.

మూడో వారంలో ఒక సాయంత్రం ఇద్దరం బయటికెళ్ళాం. ఖాళీ రోడ్డు. వేగంగా పోవటం, గట్టిగా ఆపటం, మళ్ళీ పోవటం. నాలుగైదు సార్లు చేశాక ఫ్రీవే ఎక్కి, మా ఎగ్జిట్ దగ్గర దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తగా కిందికి వెళ్ళిపోయింది. కారు ఆగలేదు. వాడు హ్యాండ్ బ్రేకు లాగాడు, కారు పక్కకి తిరిగి గడ్డిలో సగం దూరం జారి ఆగింది. ముందు ఇంకో కారు లేదు కాబట్టి బతికాం. చక్రాల్లోంచి కాలిన వాసన. పది నిమిషాలు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత వాడన్న మొదటి మాట: "బ్రేకులు తర్వాత మారుద్దామనుకున్నాన్రా."

బ్రేకులు "తర్వాత" జాబితాలో ఉన్నాయి. మన ప్రాజెక్టుల్లో టెస్టింగ్ లాగా!

అప్పుడు తెలిసిందేమిటంటే, బుర్ర ఉన్నవాళ్ళు ఇంజిన్ కొనేవాళ్ళు కాదు, నుజ్జయిన కారు మొత్తం కొనేవాళ్ళు. ఇంజిన్, గేర్‌బాక్స్, క్లచ్, డ్రైవ్ షాఫ్టులు, రేడియేటర్, ఇంటర్‌కూలర్, పెట్రోల్ పంపు, వైరింగ్ మొత్తం, ఈసీయూ, తాళం, నాలుగు చక్రాల బ్రేకులు... అన్నీ ఒక కారులోంచి ఇంకో కారులోకి. మిగిలింది తుక్కుకి అమ్మేసేవాళ్ళు. ఆ పద్ధతిలో చేసినవి ఏళ్ళ తరబడి తిరిగాయి. ఇంజిన్ ఒక్కటే మార్చినవాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి విరగ్గొట్టుకుంటూ చివరికి అంతే ఖర్చు పెట్టారు, అదీ ప్రాణాలతో ఉంటే.

మన స్విఫ్ట్ సంగతి ఇంకా కష్టం. ఆర్‌ఎస్ ఇంజిన్ డైరెక్ట్ ఇంజెక్షన్, స్విఫ్ట్‌ది కాదు. కాబట్టి పాత ఈసీయూ పనికిరాదు. కొత్త ఈసీయూ పెడితే అది పాత తాళాన్ని ఒప్పుకోదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ వణుకు వేరు, మూడింటి వణుకు వేరు, మౌంట్లు మార్చాలి. పాత క్లచ్ 150 న్యూటన్ మీటర్ల కోసం చేసింది కాదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బ్రేకు తేలిగ్గా తొక్కటానికి సాయపడే బూస్టర్‌కి వాక్యూమ్ మామూలుగా ఇంజిన్ నుంచే వస్తుంది. టర్బో గాలి కూరుతున్నప్పుడు అక్కడ వాక్యూమ్ ఉండదు. ఆ గొట్టం, దాని వాల్వూ సరిగ్గా పెట్టకపోతే, సరిగ్గా వేగంలో ఉన్నప్పుడే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ప్లగ్ అండ్ ప్లే అట!

సరే, ఇవన్నీ మార్చి పద్ధతిగా చేస్తే? అప్పుడు చెయ్యొచ్చా? ఇక్కడే నాకు మన చట్టంతో పేచీ.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి వాటికి అనుమతి పొందిన కిట్లతో మార్చుకోవటానికి దారి ఉంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ని గట్టిగానే నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఇలాంటి మార్పుకి ఆర్నెల్ల దాకా జైలు, లేదా మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంటే బ్రేకులతో సహా అన్నీ మార్చి నిక్కచ్చిగా చేసినవాడూ, ఇంజిన్ ఒక్కటీ ఇరికించి రోడ్డెక్కినవాడూ చట్టం ముందు ఒకటే. ఇద్దరూ నేరస్తులే.

దీనివల్ల ఏమవుతోంది? మానేస్తున్నారా? లేదు. షెడ్డులో తలుపేసుకుని చేస్తున్నారు. ప్రొడక్షన్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదని రూలు పెట్టి, మార్పుకి అప్రూవల్ ఇచ్చే దారే లేకుండా చేస్తే మన ఆఫీసుల్లో ఏం జరుగుతుందో మనకి తెలియదా? రాత్రి పదకొండింటికి ఎవడో ఒకడు చెప్పకుండా మార్చేస్తాడు, పొద్దున్న కూలిపోతుంది. ఏం మార్చాడో ఎక్కడా రాసి ఉండదు.

బయటి దేశాల్లో దారులున్నాయి. కాలిఫోర్నియా పొగ విషయంలో చండశాసనురాలు. అక్కడ కూడా ఇంజిన్ మార్చొచ్చు. పెట్టే ఇంజిన్ కారు కన్నా పాత మోడల్ది కాకూడదు, దానితో వచ్చిన కాలుష్య నియంత్రణ సామాను అంతా ఉండాలి, రెఫరీ అనే ఇనస్పెక్టర్ చూసి సరే అనాలి. జర్మనీలో మార్పుని నిపుణుడు పరీక్షించి బండి కాగితాల్లోకి ఎక్కిస్తారు. ఆస్ట్రేలియాలో కారు బరువుని బట్టి ఎంత ఇంజిన్ పెట్టొచ్చో హద్దు ఉంది, టర్బో అయితే ఆ హద్దు ఇంకా తక్కువ, ఇంజనీర్ సంతకం కావాలి. వీటన్నిట్లో ఉన్న తెలివి ఒకటే. చేసినవాడు కాకుండా ఇంకో మనిషి బండి కిందకి దూరి చూస్తాడు.

మనకీ అలాంటిది రావాలన్నది నా అభిప్రాయం. ఊరికే వదిలెయ్యమని నేననట్లేదు. ఫీజు ఎంతైనా పెట్టండి, బ్రేకు పరీక్ష పెట్టండి, ఫెయిలైతే బండి స్వాధీనం చేసుకోండి. కానీ పాసయ్యే అవకాశం అంటూ ఒకటి ఉంచండి. పాసవటానికి వీలుందంటేనే కుర్రాడు బ్రేకుల మీద డబ్బు పెడతాడు. ఎలాగూ దొంగతనమే అయినప్పుడు కనపడని వాటి మీద ఎవడు ఖర్చు పెడతాడు?

"మరి అలా అనుకునేవాడివి మేనల్లుడికి డబ్బులెందుకివ్వలేదు?" అంటారేమో. ఆ చట్టం వచ్చేదాకా ఉన్న చట్టమే చట్టం. చెప్పకుండా ఇంజిన్ మార్చిన కారుకి ఏదన్నా అయితే క్లెయిమ్ తోసిపుచ్చటానికి ఇన్సూరెన్స్ కంపెనీకి అంతకన్నా మంచి సాకు దొరకదు. కారు పోతే పోయింది. ఎదురుగా వచ్చే స్కూటర్ మీద భార్యాపిల్లలతో పోయేవాడు ఎవరో ఉంటాడు చూడండి, వాడు ఈ ప్రయోగానికి ఒప్పుకోలేదు కదా. మిషిగన్‌లో ఆ సాయంత్రం ముందు కారు లేదు. బందరు రోడ్డు మీద ఎప్పుడన్నా అలా ఖాళీ ఉంటుందా?

నిన్న రాత్రి వాడికి మెయిల్ పెట్టాను. రెండు మాటలు చెప్పాను. ఒకటి, ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వచ్చిన సెకండ్ హ్యాండ్ కారు చూసుకో, స్విఫ్ట్ అమ్మగా వచ్చినదానికి పైన పడే లక్షన్నర నేనిస్తా, తిరిగివ్వక్కర్లేదు. లేదూ, చేత్తో చేసిన తృప్తి కావాలంటే ఆ నుజ్జయిన కారు ఇంజిన్ కొనుక్కో, దానికీ నేనిస్తా. షెడ్డులో స్టాండు మీద పెట్టి విప్పు, బిగించు, స్టార్ట్ చెయ్యి. సెలవు పెట్టుకుని వస్తా, పానాలు అందించటం నాకు బాగా వచ్చు. రోడ్డు మీదకి మాత్రం వద్దు.

వాడి దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. అక్క మాత్రం పొద్దున్నే ఫోన్ చేసింది. "వాడు రాత్రంతా కంప్యూటర్లో ఏదో చూస్తూ కూర్చున్నాడ్రా, ఇంజిన్ పెట్టుకునే స్టాండు ఎంతుంటుందని మీ బావని అడిగాడు" అంది.

రెండో మాట పట్టినట్టున్నాడు. సెలవు అప్లై చెయ్యాలి.