గ్నోమ్ వారి అద్వైతం

గ్నోమ్ డెస్క్‌టాప్ డిఫాల్ట్ థీమ్ పేరు అద్వైత. అవును, మన అద్వైతమే. పెట్టినవాళ్ళు ఏమనుకుని పెట్టారో గానీ, చివరికి జరిగింది కూడా అదే: రెండోది లేదు!

2019 మే నెలలో కొందరు గ్నోమ్ అప్లికేషన్ డెవలపర్లు ఒక బహిరంగ లేఖ రాశారు. మా అప్లికేషన్లకి మీ థీమ్‌లు తొడగొద్దు మహాప్రభో అని దాని సారాంశం. చాలామంది సగం చదివి తిట్టిపోశారు. వాళ్ళు వేడుకున్నది డిస్ట్రిబ్యూషన్లని. సొంత మెషీన్లో సరదాకి మార్చుకునేవాళ్ళతో పేచీ లేదని అందులోనే ఉంది.

వాళ్ళ బాధ న్యాయమైనదే. జీటీకే 3లో థీమ్ అంటే ఒక సీఎస్ఎస్ ఫైలు. అప్లికేషన్ కూడా తన సీఎస్ఎస్ తాను తెచ్చుకుంటుంది. వెనకాల తెలుపే ఉంటుందన్న ధీమాతో రాసినవాడు అక్షరాలకి నలుపు పెడతాడు, థీమ్ వచ్చి వెనకాల కూడా నల్లగా పులిమేస్తుంది. డార్క్ థీమ్ పెట్టుకుని ఫైర్‌ఫాక్స్ వాడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తెల్లటి గడిలో తెల్లటి అక్షరాలు టైపు చేసుకున్న వైభోగం. బగ్ మాత్రం థీమ్ చేసినవాడికి పోదు, అప్లికేషన్ రాసినవాడి నెత్తిన పడుతుంది. ఆయన చాలాసార్లు పైసా జీతం లేకుండా తీరిక వేళల్లో రాస్తున్న మనిషి. పది థీమ్‌లతో టెస్ట్ చేసి పెట్టమని ఏ మొహంతో అడుగుతాం?

కానీ వేసిన మందు నాకు నచ్చలేదు. లైబ్రరీ లోపలి క్లాసులని జనం గెలికి వాడుతుంటే మనమేం చేస్తాం? ఒక పబ్లిక్ ఏపీఐ ఇస్తాం. ఇక్కడ ముందు తలుపు మూశారు. 2021 డిసెంబర్ 31న లిబ్‌అద్వైత 1.0 వచ్చింది. సిస్టమ్‌లో మీరు ఏ థీమ్ ఎంచుకున్నా దీనితో రాసిన అప్లికేషన్లు పట్టించుకోవు. డార్క్ కావాలో వద్దో చెప్పే సెట్టింగు 2022 మార్చిలో గ్నోమ్ 42తో వచ్చింది, బాగుంది. యాక్సెంట్ రంగు ఎంచుకోవడానికి మాత్రం 2024 సెప్టెంబర్‌లో గ్నోమ్ 47 దాకా ఆగాల్సొచ్చింది. అదీ తొమ్మిది రంగులే. ఉబుంటు వాళ్ళు 2022 ఏప్రిల్లోనే సొంతంగా ఇచ్చేశారు.

ఇదంతా షోకుల గొడవ అని తీసిపారేస్తారు కొందరు. రోజుకి పది గంటలు స్క్రీన్ చూసేవాడికి రంగు అంటే షోకు కాదు బాబూ. తెలుపు మీద నలుపు కొందరి కళ్ళలో గుచ్చుకుంటుంది, డార్క్ మోడ్‌లో కొందరికి అక్షరాలు అలుక్కుపోతాయి. హై కాంట్రాస్ట్ ఉందిగా అంటారు, అది అందరికీ ఒకే సైజు చొక్కా.

నా లెక్క ఇది: ఖాళీలు, బటన్ల ఆకారం, ఐకన్లు డెవలపర్‌వి. రంగులు, అక్షరాల సైజు చూసేవాడివి. కేడీఈలో కలర్ స్కీమ్‌ని విడ్జెట్ స్టైల్ నుంచి విడదీసి ఎన్నో ఏళ్ళయింది. లిబ్‌అద్వైతలో కూడా విండో వెనక రంగు, యాక్సెంట్ రంగు అంటూ పేర్లు పెట్టిన రంగుల పట్టిక ఎలాగూ ఉంది, అప్లికేషన్లు దాన్నే వాడుతున్నాయి. హోమ్ ఫోల్డర్లో సీఎస్ఎస్ ఫైలు పెట్టి వాటిని మార్చుకునే దొడ్డిదారి కూడా ఉంది. ఆ పట్టికని సెట్టింగుల్లోకి తేకుండా తొమ్మిది రంగుల దగ్గరే ఆగిపోవడానికి టెక్నికల్ కారణం నాకైతే కనబడలేదు.